డ్రాగ్ రేసు పెట్టాలంటే: ఖర్చు, గొడవలు, జనం... మీ ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో డ్రాగ్ రేసింగ్ (ఆగి ఉన్న రెండు బళ్లు పక్కపక్క లేన్లలో తిన్నని రోడ్డు మీద కొద్ది దూరం పరిగెత్తే పందెం) గురించి నాలుగు ముక్కలు రాశాక ఉత్తరాలు బాగా వచ్చాయి. అడిగిన తీరు వేరైనా దాదాపు అందరి బాధా ఒకటే. సొంత బండితో సరదాగా పందెం ఆడాలి, అప్పుల పాలు కాకూడదు, గెలిచినవాడు న్యాయంగానే గెలిచాడని ఓడినవాడు కూడా ఒప్పుకోవాలి, చూడ్డానికి జనం రావాలి. ఇవన్నీ ఒకే ట్రాక్ మీద కుదురుతాయా అని. కుదురుతాయనే నా గట్టి నమ్మకం, కాకపోతే ఒక షరతు ఉంది: డబ్బు పెట్టి గెలుపు కొనుక్కునే దారిని నిబంధనల్లోనే మూసేయాలి. అది చేయకుండా ఎన్ని బ్యానర్లు కట్టినా, ఎంత పెద్ద బహుమతి పెట్టినా కొన్నాళ్లకు డబ్బున్న నలుగురే మిగులుతారు, మిగతావాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: నాది రోజూ ఆఫీసుకు వెళ్లే కారు. క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు వెళ్లడానికి 15 సెకన్లు దాటుతుంది. పక్క లేన్‌లో 12 సెకన్ల బండి వచ్చి నిలబడితే నేను వెళ్లి ఏం చేయాలి? ఎంట్రీ ఫీజు దండగ కాదా?

జవాబు: కాదండీ. బ్రాకెట్ రేసింగ్ అనే పద్ధతి ఉన్నదే మీలాంటి వాళ్ల కోసం. ఇందులో ప్రతి ఒక్కరూ తమ బండి ఎంత టైమ్‌లో చివరి గీత చేరుతుందో పందేనికి ముందే చెప్పి, ఆ అంకెను అద్దం మీద రాసుకోవాలి. దాన్నే డయల్-ఇన్ అంటారు. మీరు 15.20 అని రాశారు, పక్కాయన 12.70 అని రాశారు అనుకుందాం. తేడా 2.50 సెకన్లు కాబట్టి మీ వైపు పచ్చ లైటు 2.50 సెకన్లు ముందే పడుతుంది. మీరు వెళ్లిపోతుంటే ఆయన అక్కడే నిలబడి తన లైటు కోసం చూస్తుంటారు. ఇద్దరూ చెప్పిన టైమ్‌కే పరిగెత్తి, లైటుకు ఒకేలా స్పందిస్తే గీత దగ్గర ఇద్దరూ ఒకే క్షణంలో ఉండాలి. అలా ఎప్పుడూ జరగదు, ఆ కొంచెం తేడాలోనే పందెమంతా ఉంది.

లెక్క చూద్దాం. మీరు పచ్చ పడ్డాక 0.080 సెకన్లకు కదిలారు, 15.24లో గీత చేరారు. చెప్పినదానికంటే 0.04 ఎక్కువ, రెండూ కలిపితే 0.120. ఆయన 0.045కి కదిలారు, 12.76లో చేరారు, అంటే 0.06 ఎక్కువ, మొత్తం 0.105. తేడా 0.015 సెకన్లు, ఆయన గెలిచారు. మీ కారు ఆ సమయానికి వెళ్తున్న వేగంలో అది అరమీటరు కంటే కాస్త ఎక్కువ దూరం, అంతే. బళ్ల మధ్య రెండున్నర సెకన్ల తేడా ఉన్నా పందెం బంపరు దగ్గర తేలింది. మీరు లైటు దగ్గర ఇంకో 0.02 సెకను ముందు కదిలి ఉంటే గెలుపు మీదే, దానికి ఇంజిన్ మీద ఒక్క పైసా పెట్టనక్కర్లేదు.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం ఒకటుంది. పరుగయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్ మీద వచ్చే 15.24 అనే టైమ్ పచ్చ లైటుతో మొదలవదు. మీ ముందు టైరు స్టార్ట్ గీత దగ్గరి కాంతి కిరణాన్ని దాటి కదిలిన క్షణం నుంచి మొదలవుతుంది. లైటు పడ్డాక మీరు ఎంతసేపు కూర్చున్నారన్నది రియాక్షన్ టైమ్‌గా వేరే లెక్క. అందుకే ఎక్కువ టైమ్ తీసుకున్న బండి కూడా గెలవగలదు.

మరి కావాలని ఎక్కువ టైమ్ చెప్పి గెలిచేయొచ్చు కదా అంటారేమో. అందుకే బ్రేక్‌అవుట్ అనే నిబంధన ఉంది. 12.70 అని చెప్పి 12.68లో వచ్చారా, గీత ముందు దాటినా ఓడినట్టే. ఇద్దరూ అలా చేస్తే ఎవరు తక్కువ తప్పారో వాళ్లు గెలుస్తారు. పచ్చ పడకముందే కదిలితే రెడ్ లైట్, అది బ్రేక్‌అవుట్ కంటే పెద్ద తప్పు. ఒకరు రెడ్ లైట్ కొడితే అవతలివాళ్లు బ్రేక్‌అవుట్ అయినా సరే వాళ్లే గెలుస్తారు.

ప్రశ్న: 15 సెకన్ల బండిని 13.5కి తేవాలంటే ఎంత పని ఉంటుంది? ఆ తర్వాత 12కి తేవడం తేలికేనా? కొంచెం కొంచెంగా చేసుకుంటూ పోదామని ఉంది.

జవాబు: ఈ కొంచెం కొంచెం అన్నదే ముంచుతుంది. బండి బరువు మారకుండా క్వార్టర్ మైలు టైమ్ పది శాతం తగ్గాలంటే ఇంజిన్ పవర్ సుమారు 37 శాతం పెరగాలి. టైమ్‌కూ పవర్‌కూ ఉన్న సంబంధం ఘనమూలంలో నడుస్తుంది కాబట్టి లెక్క అంత కఠినంగా ఉంటుంది. 15 నుంచి 13.5కి రావడానికి ఒక 37 శాతం. అక్కడి నుంచి 12.15కి రావాలంటే పెరిగిన పవర్ మీద ఇంకో 37 శాతం, అంటే మొదటిదానితో పోలిస్తే దాదాపు 88 శాతం ఎక్కువ. ఖర్చు ఇంజిన్‌తో ఆగితే బాగానే ఉండేది. ఆ పవర్‌కు పాత క్లచ్ నిలవదు, క్లచ్ మారిస్తే గేర్‌బాక్స్ అరుస్తుంది, మంచి టైర్లు వేస్తే యాక్సిల్ విరుగుతుంది, అవన్నీ చేశాక బ్రేకులు చాలవు. వేగం పెరిగేకొద్దీ భద్రతా నిబంధనలు కూడా బరువెక్కుతాయి. అమెరికాలో ఈ క్రీడను నడిపే పెద్ద సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల్లో క్వార్టర్ మైలు 13.99 లేదా అంతకంటే తక్కువలో వెళ్లే కారుకు హెల్మెట్ తప్పనిసరి, 11.49కి వచ్చేసరికి మామూలుగా రోల్ బార్, అంటే బండి పల్టీ కొడితే లోపలివాళ్లను కాపాడే ఇనుప కడ్డీ, కావాలి (కొత్త తరం కార్లకు కొన్ని సడలింపులు ఉన్నాయి).

మీరు బ్రాకెట్‌లో ఆడేట్టయితే ఈ పరుగంతా అనవసరం. అక్కడ కావాల్సింది వేగం కాదు, నిలకడ. ప్రతి పరుగులోనూ ఒకే టైర్ ప్రెషర్, ట్యాంకులో దాదాపు అంతే ఇంధనం, ఇంజిన్ అంతే వేడి, అదే ఆర్‌పీఎమ్ దగ్గర బయల్దేరడం, అదే ఆర్‌పీఎమ్ దగ్గర గేరు మార్చడం. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఎప్పుడు పరిగెత్తారు, వాతావరణం ఎలా ఉంది, టైమ్ ఎంత అన్నది రాసుకోండి. మధ్యాహ్నం వేడికి గాలి పల్చబడుతుంది, ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, పొద్దున 15.10 వచ్చిన బండి మధ్యాహ్నం 15.25 చూపించినా ఆశ్చర్యం లేదు. ఆ మార్పును ముందే ఊహించి డయల్-ఇన్ మార్చుకున్నవాడు, టర్బో బిగించుకుని లెక్క రాసుకోనివాడిని ఓడిస్తాడు. ఈ ఆటలో నాకు బాగా నచ్చేది అదే.

ప్రశ్న: మా దగ్గర ఒకాయన ఉన్నాడు. చాలా ఏళ్లుగా ఆడుతున్నాడు. ప్రాక్టీసులో ఒకలా, పందెంలో ఒకలా పరిగెత్తుతాడు, చివర్లో బ్రేక్ వేసి గెలుస్తాడు. ఇది మోసం కాదా? కొత్తవాళ్లు విసిగిపోతున్నారు.

జవాబు: మీ కోపం అర్థమైంది కానీ ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

డయల్-ఇన్ కాస్త ఎక్కువ రాసి, చివర్లో పక్క బండిని చూసుకుంటూ అంగుళాల తేడాతో గీత దాటేలా బ్రేక్ తాకడం బ్రాకెట్‌లో నేర్పే. అలా చేసేవాడు బ్రేక్‌అవుట్ భయాన్ని తానూ మోస్తున్నాడు, పక్క బండిని తప్పుగా అంచనా వేస్తే వాడే ఓడిపోతాడు. దాన్ని నిషేధించాలంటే నిరూపించాలి, నిరూపించడం మొదలుపెడితే ప్రతి పందెం తర్వాతా పంచాయితీయే. అయితే చక్రాలు బిగిసేలా, పొగ వచ్చేలా, బండి అడ్డం తిరిగేలా బ్రేక్ వేయడం వేరు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. అలా చేసినా, లేన్ గీత దాటినా అక్కడికక్కడే ఓడినట్టు ప్రకటించాలి, ఎంత పాత ఆటగాడైనా సరే.

అసలు అన్యాయం జరిగేది ఇంకోచోట. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది డిలే బాక్స్ అనే ఎలక్ట్రానిక్ పరికరం వాడతారు. స్టార్ట్ దగ్గరి లైట్ల స్తంభాన్ని ట్రీ అంటారు. మామూలు ట్రీలో మూడు పసుపు లైట్లు అర సెకను చొప్పున ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, ఆ తర్వాత పచ్చ పడుతుంది. కాలితో బ్రేక్ వదిలి బయల్దేరేవాడు సాధారణంగా చివరి పసుపును చూసి కదులుతాడు. డిలే బాక్స్ ఉన్నవాడు మొదటి పసుపు మెరవగానే బటన్ వదిలేస్తాడు, మిగతా సమయం పెట్టె లెక్కపెట్టి బండిని వదులుతుంది. దానివల్ల రియాక్షన్ టైమ్ ఎంతో నిలకడగా వస్తుంది. ఈ ఇద్దర్నీ ఒకే తరగతిలో పెడితే కొత్తవాడు ఒకటి రెండుసార్లు ఓడి ఇంటికి పోతాడు, మళ్లీ రాడు. కాబట్టి ఎలక్ట్రానిక్స్ ఉన్న బళ్లకు ఒక తరగతి, కాలితోనే బయల్దేరేవాళ్లకు వేరే తరగతి పెట్టండి. బళ్లు తక్కువ ఉంటే రెండోది మాత్రమే పెట్టండి, ఆ పెట్టె ఉన్నవాళ్లు దాన్ని తీసేసి ఆడమనండి. ఇంకా కుదిరితే మొదటి సీజన్ ఆడేవాళ్లకు విడిగా చిన్న పందెం నడపండి, అందులో గెలిచినవాళ్లు తర్వాత పెద్ద తరగతికి వెళ్తారు.

డయల్-ఇన్ ఎప్పటివరకు మార్చుకోవచ్చో కూడా రాతపూర్వకంగా పెట్టండి. నోటిమాట నిబంధనల దగ్గరే గొడవలు ఎక్కువ.

ప్రశ్న: స్నేహితులం కొందరం కలిసి చిన్న డ్రాగ్ రేసు నిర్వహించాలనుకుంటున్నాం. టైమింగ్ పరికరాలకే డబ్బంతా పోయేలా ఉంది. జెండా ఊపి, గీత దగ్గర ఇద్దర్ని నిలబెడితే చాలదా?

జవాబు: సరదాకైతే చాలు, పందేనికి చాలదు. పైన చెప్పిన ఉదాహరణలో తేడా 0.015 సెకను. గీత దగ్గర నిలబడ్డ మనిషి కళ్లకు అది కనబడదు, కనబడిందని అతను ఒట్టు వేసినా ఓడినవాడు నమ్మడు. మొదట్లో డ్రాగ్ రేసులు జెండాతోనే మొదలయ్యేవి, స్టార్టర్ చెయ్యి కదలికను ముందే పసిగట్టి దూకేవాళ్లతో గొడవలు ఉండేవి. 1963లో లైట్ల స్తంభం వచ్చింది, దాన్నే ముద్దుగా క్రిస్మస్ ట్రీ అంటారు. అది వచ్చాక స్టార్టర్ మీద అనుమానానికి చోటు లేకుండా పోయింది, రెండు వేర్వేరు సమయాల్లో పచ్చ ఇవ్వడం కూడా తేలికైంది. కొనలేకపోతే అద్దెకు తీసుకోండి, లేదా రెండు మూడు క్లబ్బులు కలిసి ఒక సెట్ కొనుక్కోండి. ఏడాదంతా వాడేది కాదు కదా.

ఖర్చు తగ్గించాల్సిన చోటు దూరం. క్వార్టర్ మైలు బదులు ఎయిత్ మైలు, అంటే 201 మీటర్లు పెట్టండి. ఎయిత్ మైలు చివర బండి వేగం క్వార్టర్ మైలు చివర ఉండే వేగంలో సుమారు 80 శాతం. వేగం ఐదో వంతు తగ్గితే బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి మూడో వంతు పైగా తగ్గుతుంది. ఆగడానికి చోటు ఎక్కువ మిగులుతుంది, ఇంజిన్ మీద భారం తక్కువ, ఒక రోజులో ఎక్కువ జతలు పరిగెత్తించొచ్చు. 201 మీటర్లంటే పిల్లల ఆటలా ఉంటుందని కొందరు ముఖం చిట్లిస్తారు. 2008లో స్కాట్ కాలిటా అనే రేసర్ ప్రమాదంలో చనిపోయాక, ప్రపంచంలోనే అత్యంత వేగంగా వెళ్లే టాప్ ఫ్యూయెల్, ఫన్నీ కార్ తరగతులకు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దూరాన్ని 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు తగ్గించింది. అంతటివాళ్లే తగ్గించుకున్నారు, మనం తగ్గించుకుంటే పరువు పోదు.

ఇంకో మాట. స్టార్ట్ గీత దగ్గర జిగురు కొట్టి, రబ్బరు పట్టించి రోడ్డును అంటుకుపోయేలా చేస్తేనే గొప్ప ట్రాక్ అనుకుంటారు. మామూలు రోడ్డు కార్లకు అది మేలు కంటే కీడు ఎక్కువ చేయొచ్చు. టైరు కాస్త జారితే బయల్దేరేటప్పటి దెబ్బ జారుడులో పోతుంది. టైరు అసలు జారకపోతే ఆ దెబ్బంతా యాక్సిల్, గేర్‌బాక్స్ తింటాయి. రోజువారీ బళ్లతో నడిపే పందేనికి శుభ్రంగా ఊడ్చిన, నూనె మరకల్లేని, రెండు లేన్లూ ఒకేలా ఉన్న రోడ్డు చాలు. రెండు లేన్లూ ఒకేలా ఉండడం మాత్రం చాలా ముఖ్యం, ఒక లేన్ జారుతుంటే మిగతా న్యాయమంతా వృథా.

తగ్గించకూడనివి ఏంటో మీకే తెలుసు: అనుమతులు, అంబులెన్స్, మంటలార్పే మనుషులు, జనానికీ ట్రాక్‌కూ మధ్య గట్టి అడ్డు. వీటికి డబ్బు చాలకపోతే ఆ ఏడాది రేసు మానేయండి.

ప్రశ్న: బహుమతి పెద్దది పెడితేనే ఆటగాళ్లు వస్తారు కదా?

జవాబు: వస్తారు, కానీ ఎవరు వస్తారన్నది చూడండి. పెద్ద బహుమతికి ఊరూరా తిరిగి ఆడేవాళ్లు వస్తారు, మీ దగ్గరివాళ్లు మొదటి రౌండ్‌లో పోతారు. ఉన్న డబ్బును విజేత ఒక్కరికే పోయకుండా రెండో రౌండ్ గెలిచినవాళ్ల నుంచి కొంచెం కొంచెం పంచండి, ఎంట్రీ ఫీజు తిరిగొచ్చినా చాలు అనుకునేవాళ్లే ఎక్కువ. ఒకే మనిషి రెండు ఎంట్రీలు కొనుక్కోవడం, ఓడినవాడు డబ్బు కట్టి మళ్లీ లోపలికి రావడం లాంటివి నిర్వాహకులకు ఆదాయం తెస్తాయి, నిజమే. నేనైతే చిన్న పందేల్లో వాటికి ఒప్పుకోను. జేబు లోతును బట్టి అవకాశాలు పెరిగితే బ్రాకెట్ పెట్టిన ప్రయోజనమే పోతుంది, పైగా కార్యక్రమం గంటల తరబడి సాగుతుంది.

ప్రశ్న: నేను ఆటగాణ్ని కాదు, చూసేవాణ్ని. ఇంటిల్లిపాదినీ తీసుకుని వెళ్లాను. ముందు వెళ్లినవాడు ఓడాడన్నారు, ఆలస్యంగా బయల్దేరినవాడు గెలిచాడన్నారు, ముందు గీత దాటినవాడు కూడా ఓడాడన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. జతకూ జతకూ మధ్య ఖాళీ, మైకులో పాటలు. పిల్లలు గంటకే ఇంటికి పోదామన్నారు. మళ్లీ ఎందుకు వెళ్లాలి?

జవాబు: ఈ ఉత్తరాన్ని ప్రతి నిర్వాహకుడూ చదవాలి. ఆటగాళ్లకు చౌకగా, న్యాయంగా ఉండే పద్ధతే చూసేవాళ్లకు అర్థంకాకుండా ఉండడం ఈ క్రీడలో ఉన్న పెద్ద చిక్కు. బ్రాకెట్‌ను తీసేయడం దానికి మందు కాదు. దాన్ని జనానికి విప్పి చెప్పాలి.

అసలు ఆలోచిస్తే ఇందులో ఉన్నంత కథ మామూలు పందెంలో లేదు. నెమ్మది బండి ముందు పారిపోతోంది, వేగం బండి వెనకాల తరుముతోంది, గీత దగ్గర పట్టుకుంటుందా లేదా? ఈ ఒక్క వాక్యం ప్రతి జతకు ముందూ మైకులో వినబడితే చాలు. ‘ఎడమ లేన్ రెండున్నర సెకన్లు ముందు వెళ్తుంది, కుడి లేన్ పట్టుకోవాలి, అయితే 12.70 కంటే వేగంగా వస్తే కుడివాడు ఓడినట్టే’ అని వ్యాఖ్యాత చెప్పాలి. పందెం అయిపోగానే ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు, ఎంత తేడా అన్నది జనం కళ్లు గీత మీద ఉండగానే చెప్పేయాలి. లైటు దగ్గర గెలిచాడా, నిలకడతో గెలిచాడా, అవతలివాడు బ్రేక్‌అవుట్ అయ్యాడా? రెండు మూడు జతలు అలా విన్నాక పదేళ్ల పిల్ల కూడా అద్దం మీద అంకె చూసి లెక్కలు కట్టడం మొదలుపెడుతుంది. అందుకే ఆ అంకె స్టాండ్స్ నుంచి కనబడేంత పెద్దగా ఉండాలి. చాలాచోట్ల బూటు పాలిష్‌తో వేలెడంత రాస్తారు, అది టైమింగ్ టవర్‌లో ఉన్నవాళ్లకే కష్టంగా కనిపిస్తుంది.

గీత చివర గెలిచిన లేన్‌కు ఒక లైటు వెలగాలి. టైమ్, రియాక్షన్ చూపే బోర్డు ఒక్కటైనా ఉండాలి. ఖరీదైన తెర అక్కర్లేదు, అంకెలు కనబడితే చాలు.

సమయం సంగతి వేరే చెప్పాలి. స్టార్ట్ దగ్గర ఇద్దరూ నేను ముందు లోపలికి రానంటే నేను రానని ఒకర్నొకరు ఏడిపించుకుంటూ నిలబడతారు. దీన్ని మర్యాదతో ఆపలేం, యంత్రంతో ఆపాలి. ఒక బండి పూర్తిగా స్టార్ట్ గీత మీదికి వచ్చాక రెండోది కొన్ని సెకన్లలో రాకపోతే లైట్లు వాటంతట అవే మొదలయ్యే ఆటోస్టార్ట్ ఏర్పాటు చాలా టైమింగ్ సెట్‌లలో ఉంటుంది, వాడండి. తర్వాతి జత ముందే వరసలో సిద్ధంగా ఉండాలి. అన్నిటికంటే సమయం తినేది నూనె. ఒక ఇంజిన్ పగిలి ట్రాక్ మీద నూనె కారితే శుభ్రం చేయడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. తనిఖీలో ఇంజిన్ కింద చెమ్మ కనబడ్డ బండిని వెనక్కి పంపడానికి మొహమాటపడకండి. ఒక ఆటగాడు నొచ్చుకుంటాడు, స్టాండ్స్ నిండా ఉన్నవాళ్ల సాయంత్రం దక్కుతుంది.

అన్నిటికంటే చౌకైన ఆకర్షణ ఇంకొకటుంది, పిట్స్, అంటే బళ్లను సిద్ధం చేసుకునే చోటు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెద్ద పోటీల్లో కూడా టిక్కెట్టు కొన్న ప్రతి ఒక్కరూ పిట్స్‌లోకి వెళ్లి బళ్లు విప్పి బిగించడం దగ్గర్నుంచి చూడొచ్చు. చాలా మోటార్ క్రీడల్లో ఇంత దగ్గరగా రానివ్వరు. చిన్న పందేల్లో ఇది ఇంకా తేలిక. ఇందాక పక్కనుంచి దూసుకెళ్లిన బండి బానెట్ ఎత్తి ఉంది, ప్లగ్గులు తీస్తున్నారు, వేడి ఇంకా తగులుతోంది, ఆటగాడు పిల్లాణ్ని సీట్లో కూర్చోబెట్టి ఫొటో తీయనిచ్చాడు. ఆ పిల్లాడికి తర్వాతి రౌండ్‌లో ఎవర్ని సమర్థించాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫైనల్‌ను జనం ఉన్నప్పుడే నడపండి. చీకటి పడి స్టాండ్స్ ఖాళీ అయ్యాక నడిపే ఫైనల్ విజేతకు కూడా చిన్నతనమే.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకండీ, ఇద్దర్నీ ఒకేసారి వదిలితే ఎవరు ముందొస్తే వాళ్లే గెలిచినట్టు. జనానికి కావాల్సింది అదే.

జవాబు: జనానికి అది నచ్చుతుంది, కాదనను. అందుకే నా సలహా: రోజులో ఎక్కువ భాగం బ్రాకెట్, మధ్యలో ఒక్క తరగతి మాత్రం ఒకేసారి వదిలేది పెట్టండి. కానీ అక్కడ ఖర్చు పరుగు మొదలవకుండా ఏదో ఒక గట్టి హద్దు ఉండాలి. నా దృష్టిలో మంచి హద్దు టైరు. ఇంజిన్ లోపల ఏముందో తనిఖీ చేయాలంటే విప్పాలి, టైరు మాత్రం బయటికే కనబడుతుంది. రోడ్డుకు అనుమతి ఉన్న మామూలు టైరు, ఫలానా వెడల్పు మించకూడదు అంటే చాలు, ఎంత పవర్ కొన్నా నేలకు దించలేరు. తక్కువ పవర్‌తో చక్కగా బయల్దేరేవాడికి అవకాశం మిగులుతుంది.

ఇండెక్స్ అనే మధ్యేమార్గం కూడా ఉంది. తరగతికి ఒక టైమ్ నిర్ణయిస్తారు, దానికంటే వేగంగా వెళ్తే ఓటమి, అందరూ ఒకేసారి బయల్దేరతారు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏలో సూపర్ కాంప్‌కు 8.90, సూపర్ గ్యాస్‌కు 9.90, సూపర్ స్ట్రీట్‌కు 10.90 ఇలాంటివే. చూసేవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. అయితే అక్కడ చాలా బళ్లు ఆ టైమ్ కంటే ఎంతో వేగంగా వెళ్లగలవు కాబట్టి థ్రాటిల్ స్టాప్ అనే పరికరంతో మధ్యలో వేగం కావాలని తగ్గించుకుంటాయి. గర్జిస్తూ బయల్దేరిన బండి ఒక్కసారి నీరసపడి మళ్లీ లేచినట్టు వినబడుతుంది, జనం ఏదో చెడిపోయిందనుకుంటారు. మీరు ఇండెక్స్ పెడితే ఆ పరికరాన్ని నిషేధించండి, మీ దగ్గరున్న బళ్లకు సరిపోయే టైమ్‌లే ఎంచుకోండి, 14, 15 సెకన్లైనా సరే.

ప్రశ్న: మా తమ్ముడు రాత్రుళ్లు రోడ్ల మీద పందేలు వేస్తున్నాడు. ట్రాక్‌కి వెళ్లరా అంటే అక్కడ రూల్స్ ఎక్కువ, ఖర్చు ఎక్కువ అంటాడు.

జవాబు: ముందు వాణ్ని ఆపండి, ఎలాగైనా ఆపండి. ఎదురొచ్చే బండిలో ఉన్నవాళ్లు ఏ పందేనికీ ఒప్పుకోలేదు. వాడి ఫిర్యాదులో మాత్రం నిర్వాహకులు వినాల్సింది ఉంది. ఈ క్రీడ సంస్థగా ఏర్పడిందే రోడ్ల మీది కుర్రాళ్లను ట్రాక్‌కు తేవడం కోసం. 1950లో అమెరికాలోని శాంటా ఆనాలో ఒక విమానాశ్రయం రన్‌వే మీద టిక్కెట్టు పెట్టి డ్రాగ్ రేసులు నడిపారు, మరుసటి ఏడాది వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏను స్థాపించారు. ఆ కుర్రాళ్లకు బహుమతి అక్కర్లేదు, తరగతులు అక్కర్లేదు, పక్కన ఫలానావాడు కావాలి, అంతే. నెలకో సాయంత్రం తనిఖీ చేసి, హెల్మెట్ ఇచ్చి, ఎవరితో కావాలంటే వాళ్లతో పరిగెత్తనివ్వండి. టైమ్ బోర్డు మీద చూపించాలా వద్దా అన్నది కూడా వాళ్లకే వదిలేయండి, కొందరికి తమ బండి టైమ్ గుట్టుగా ఉండాలి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ బళ్లను రానివ్వాలా? వాటితో పోటీ న్యాయమేనా?

జవాబు: రానివ్వాలి. ఒకేసారి వదిలే తరగతిలో వాటిని విడిగా పెట్టండి, బ్రాకెట్‌లో మాత్రం కలిపే ఆడించొచ్చు, ఎందుకంటే వాళ్లూ అంకె రాయాల్సిందే. గేర్లు మార్చే పని లేదు, పల్చని గాలికి మోటారు నీరసపడదు కాబట్టి వాటికి నిలకడ సహజంగానే ఎక్కువ. అయితే బ్యాటరీ ఛార్జ్ తగ్గినా, వేడెక్కినా టైమ్ మారుతుంది, రౌండ్ల మధ్య ఆ లెక్క వాళ్లు చూసుకోవాలి. మీరు చూసుకోవాల్సింది సహాయక బృందం సంగతి. ప్రమాదంలో కరెంటు ఎక్కడ ఆపాలో, బ్యాటరీ మంటను ఎలా ఎదుర్కోవాలో తెలిసినవాళ్లు ఉంటేనే ఒప్పుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ పిచ్చి పట్టుకుంది. ఆడపిల్లలకు వేరే తరగతి ఉంటుందా?

జవాబు: ఉండదు, అక్కర్లేదు. అమెరికన్ రేసర్ షర్లీ మల్డౌనీ మగవాళ్లతో ఆడి 1977, 1980, 1982లో టాప్ ఫ్యూయెల్ ఛాంపియన్ అయ్యారు. పిల్లలకైతే జూనియర్ డ్రాగ్‌స్టర్లని సగం సైజు బళ్లుంటాయి, చిన్న సింగిల్ సిలిండర్ ఇంజిన్‌తో ఎయిత్ మైలు మించకుండా, డయల్-ఇన్ పద్ధతిలోనే ఆడతారు. పంపించండి.

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారి వెళ్తున్నాను. రోడ్డు టైర్లతో మామూలు కారు. బర్నౌట్ (టైర్లను ఉన్నచోటే గిర్రున తిప్పి వేడెక్కించడం) చేయాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: వద్దు. స్టార్ట్‌కు ముందు నీళ్లు పోసి ఉంచే చోటు స్లిక్ టైర్ల, అంటే గాడుల్లేని నున్నటి టైర్ల కోసం. మీ టైర్లకు గాడులుంటాయి, వాటిలో నీళ్లు నిలిచి, మడ్‌గార్డుల లోపలినుంచి కూడా కారి, సరిగ్గా స్టార్ట్ గీత మీద పడతాయి. మీరూ జారతారు, మీ వెనకొచ్చేవాళ్లూ జారతారు. ఆ నీళ్లను పక్కనుంచి తప్పించుకుని వెళ్లి, కావాలంటే టైర్లను పొడి చోట ఒక్కసారి తిప్పి దులపండి చాలు. తర్వాత నెమ్మదిగా ముందుకు. మొదటి చిన్న లైటు వెలిగితే గీత దగ్గర్లో ఉన్నారని, అక్కడినుంచి సుమారు 18 సెంటీమీటర్లు కదిలితే రెండోది వెలుగుతుంది. రెండోది వెలగ్గానే ఆగిపోండి, ఇంకా పాకితే మొదటిది ఆరిపోతుంది. చివరి పసుపు చూసి బయల్దేరండి, పచ్చ కోసం ఆగితే ఆలస్యమే. గీత దాటాక ఒక్కసారిగా బ్రేక్ తొక్కకండి, పక్క లేన్‌వాళ్లు ఎక్కడున్నారో చూసుకోకుండా తిప్పకండి.

టైమ్ స్లిప్ తీసుకుని జాగ్రత్తగా దాచుకోండి. అందులో 60 అడుగుల టైమ్ అని మొదట్లోనే ఒక అంకె ఉంటుంది, మీరు ఎలా బయల్దేరారో అదే చెబుతుంది. రెండు మూడు పరుగుల స్లిప్పులు రాసి పంపితే డయల్-ఇన్ ఎంత పెట్టాలో వచ్చే సంచికలో చూద్దాం.